పాత .30-06 మౌజర్: బ్యారెల్ ఫ్లోట్ చేయించాలా, ముందు బెడ్డింగ్ చూసుకోవాలా?

మల్కాజిగిరి మౌజర్ రాశారు:
అందరికీ నమస్తే. తాతగారి రైఫిల్ వారసత్వం కింద నా లైసెన్సు మీదికి వచ్చింది. మౌజర్ 98 యాక్షన్ (బోల్ట్ ఆడే ఇనుప భాగం) మీద కట్టిన పాత బ్రిటిష్ స్పోర్టర్, .30-06 తూటాది, అక్రోట్ కట్టె (స్టాక్), సన్న బ్యారెల్. వేటకి కట్టిన తుపాకీయే గానీ ఇప్పుడు రేంజ్‌కి తప్ప ఎక్కడికీ పోదు. సమస్య ఏంటంటే, చల్లటి బ్యారెల్‌తో మొదటి రెండు రౌండ్లు పక్కపక్కనే పడతాయి, మూడోది కొంచెం పైకి, నాలుగోది ఇంకా పైకి, కాస్త కుడికి. చల్లారనిస్తే మళ్ళీ మొదటి చోటికే వస్తుంది. దానికి తోడు మే నెలలో సరిచేసిన గురి వానలు మొదలయ్యాక ఎడమకి జరిగింది, స్కోప్ నాబ్‌ని ఎవరూ ముట్టుకోలేదు. రేంజ్‌లో ఒకాయన చూసి "కట్టెకి తగులుతోంది, ఫ్లోట్ చేయించెయ్, గంట పని" అన్నాడు. పక్కనున్నాయన "బెడ్డింగ్ లేకుండా ఫ్లోట్ చేస్తే దండగ" అన్నాడు. ఇద్దరూ అక్కడే వాదించుకున్నారు, నేను మధ్యలో నిలబడ్డాను. కట్టె ఒకసారి చెక్కితే తిరిగి రాదు కదా, అదే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత ఫిరంగి రాశారు:
బాబూ, ముందు ఆ ఉలి పక్కన పెట్టు. నీకు చెప్పిన ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కాకపోతే ఇద్దరూ రైఫిల్ విప్పి చూడకుండానే తీర్పు చెప్పేశారు.

బెడ్డింగ్ అంటే యాక్షన్ కట్టెలో ఎలా కూర్చుంది అన్న సంగతి. ఫ్లోట్ అంటే యాక్షన్ దాటిన దగ్గర్నుంచి బ్యారెల్ కట్టెకి ఎక్కడా తగలకపోవడం. కట్టె లోపల ఎత్తుపల్లాలుంటే యాక్షన్ కుంటి మంచంలా ఊగుతుంది, ఊగకుండా స్క్రూలు బిగిస్తే యాక్షనే వంగి కూర్చుంటుంది. ఇనుము వంగుతుందా అనకు, వంగుతుంది, వెంట్రుకవాసి వంగినా చాలు. అలాంటి రైఫిల్‌కి ఫ్లోట్ ఒక్కటే చేయిస్తే, ఇన్నాళ్ళూ ముందు కట్టె ఆపుకొచ్చిన బ్యారెల్ బరువంతా కుదురులేని యాక్షన్ మీద వేలాడుతుంది. గ్రూప్ (టార్గెట్ మీద గుళ్ళు పడిన గుంపు) ఇంకా పాడవుతుంది. అప్పుడు ఫ్లోట్ వల్లే చెడిందని ఊరంతా చెప్పుకుంటారు.

నీ రైఫిల్‌లో జరిగేది ఇదీ అని నా అనుమానం: బ్యారెల్ వేడెక్కితే సాగుతుంది, లావెక్కుతుంది, ఎక్కడ తగులుతోందో అక్కడ కట్టెని ఇంకా గట్టిగా నెడుతుంది, అందుకే ఒక్కో రౌండూ పైకెక్కుతోంది. వానాకాలం సంగతి వేరే. కట్టె పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది, ఒకవైపు ఎక్కువ తేమ పీలిస్తే ముందు భాగం పక్కకి వంగి బ్యారెల్‌ని తోస్తుంది. మేలో ఎండిన కట్టె జులైలో అదే కట్టె కాదు. అయితే సన్న బ్యారెల్ స్టీలులో తయారీ నాటి ఒత్తిడి మిగిలిపోయినా వేడికి ఇలాగే పక్కకి నడుస్తుంది, దానికి కట్టె ఎంత చెక్కినా మందు లేదు. అందుకే ముందు చూడమంటున్నా.

బోల్ట్ తీసి చాంబర్ ఖాళీగా ఉందని కళ్ళారా చూసుకుని మొదలుపెట్టు. స్కోప్ బేస్ స్క్రూలు, రింగుల స్క్రూలు వదులుగా ఉన్నాయేమో, బ్యారెల్ మూతి అంచు ఎక్కడైనా నొక్కుకుపోయిందేమో చూడు. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి, ఎవడూ ఒప్పుకోడు గానీ. తర్వాత పది రూపాయల నోటు ముందు కొసన బ్యారెల్ కింద దూర్చి రిసీవర్ (యాక్షన్ బయటి గుల్ల) వైపు జరుపుతూ రా, ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్ గీత పెట్టు. ఆఖరిది వేలి పరీక్ష. రైఫిల్‌ని నిలువుగా నిలబెట్టి, బ్యారెల్‌కీ ముందు కట్టె కొసకీ మధ్య వేలు ఆనించి, ముందు యాక్షన్ స్క్రూ (యాక్షన్‌ని కట్టెకి బిగించేది) నెమ్మదిగా వదులు చెయ్, మళ్ళీ బిగించు. వేలికి కదలిక తెలిసిందంటే యాక్షన్ వంగి ఉందన్నమాట. డయల్ గేజ్ ఉన్నవాళ్ళెవరైనా దొరికితే ఇంకా మంచిది. ముల్లు 0.05 మిల్లీమీటర్లలోపు కదిలితే ఫరవాలేదు, అంతకు మించి పోతుంటే బెడ్డింగ్ పని ఉంది.

50 మీటర్ల ప్రోన్ రాశారు:
పాత ఫిరంగి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నేను కొట్టేది .22 మాత్రమే, గచ్చిబౌలిలో ప్రాక్టీస్, పెద్ద రైఫిళ్ళ అనుభవం లేదు. కానీ నాలుగు రౌండ్లు చూసి రోగం ఇదీ అని తేల్చేయకండి. మూడు రౌండ్ల గ్రూప్ ఒక్కోసారి అదృష్టం కొద్దీ నాణెమంత వస్తుంది, అదే రైఫిల్ మర్నాడు అరచేయంత వేస్తుంది. అయిదేసి రౌండ్ల గ్రూపులు కొన్ని కొట్టండి, రౌండుకీ రౌండుకీ మధ్య ఒకే వ్యవధి ఇవ్వండి, ఒక రోజు గబగబా, ఒక రోజు పూర్తిగా చల్లారనిచ్చి. ముఖ్యంగా ఇసుక సంచి మీద ముందు కట్టె ప్రతిసారీ ఒకే చోట ఆనాలి, బ్యారెల్ ఎప్పుడూ ఆనకూడదు. సంచి రెండంగుళాలు ముందుకి జరిగినా కట్టె తగిలే రైఫిల్‌లో గుండు పడే చోటు మారిపోతుంది. కొట్టిన ప్రతి టార్గెట్ మీద తేదీ, వేడి, తూటాల లాట్ రాసి దాచండి.

డాలస్‌లో దిల్‌సుఖ్‌నగర్ రాశారు:
నేను పుట్టి పెరిగింది దిల్‌సుఖ్‌నగర్, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నా. ఇక్కడ జింకల సీజన్, అడవి పందులు ఉన్నాయి కాబట్టి ఈ గొడవ రోజూ వింటాం. నా రెమింగ్టన్ 700 కట్టె ముందు కొసలో ఫ్యాక్టరీ వాళ్ళే రెండు చిన్న దిమ్మలు వదిలారు, అవి బ్యారెల్‌ని కింద నుంచి నెడతాయి. అది పొరపాటు కాదు, కావాలనే పెట్టింది. సన్న బ్యారెల్‌కి ఒక ఆసరా ఇస్తే ప్రతిసారీ ఒకేలా అదురుతుందని లెక్క. నేను వాటిని గీకేశాను, యాక్షన్ బెడ్డింగ్ చేశాను, నాకు బాగా కలిసొచ్చింది. మా ఫ్రెండ్ అదే మోడల్‌కి అదే పని చేస్తే చెడింది, కార్డు ముక్క పెట్టుకుని తిరుగుతున్నాడు.

తమ్ముడూ, చెక్కకుండానే ఫ్లోట్ ఎలా ఉంటుందో చూసే దారి ఒకటుంది. పాత ఏటీఎం కార్డులోంచి చిన్న ముక్క కత్తిరించి, రీకాయిల్ లగ్ (పేలినప్పటి తన్నుని కట్టెకి ఆనించే, యాక్షన్ కింది ఇనుప దిమ్మ) వెనకాల రిసీవర్ చదునుగా ఉన్న చోట కింద పెట్టి స్క్రూలు బిగించు. యాక్షన్ కాస్త లేస్తుంది, దాంతోపాటు బ్యారెల్ కట్టెని వదులుతుంది. అలా కొట్టి చూడు. బాగుంటే ఫ్లోట్ నీకు పనిచేస్తుందని సూచన. బాగోకపోతే ముక్క తీసేస్తావు, పోయిందేమీ లేదు. ఇది పరీక్షకే, అలాగే వదిలేయడానికి కాదు. ఇంకో మాట, మీది మౌజర్ కాబట్టి సరిపోయింది, చాలా సీజెడ్ 550 రైఫిళ్ళల్లో ముందు కట్టెలోంచి బ్యారెల్‌కి మూడో స్క్రూ ఉంటుంది, అది పట్టుకుని ఉండగా ఫ్లోట్ గురించి మాట్లాడటమే అనవసరం.

మోడరేటర్ రాశారు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇక్కడ చదివేవాళ్ళు ఎక్కువమంది హైదరాబాద్ వాళ్ళు కాబట్టి గుర్తుచేస్తున్నాం. మన దగ్గర తుపాకీ రిపేరుకి కూడా లైసెన్సు ఉన్నవాళ్ళే ఉండాలి, 1959 ఆయుధాల చట్టంలో ఉన్న మాటే. గల్లీ వడ్రంగి దగ్గర రైఫిల్ వదిలి రావడం కుదరదు. లైసెన్సున్న షాపు మిస్త్రీ దగ్గరకి మీ లైసెన్సు పట్టుకుని వెళ్ళండి, రసీదు తీసుకోండి. డాలస్ గారి గ్యారేజీ ముచ్చట్లు అక్కడి వాళ్ళకి. అలాగే వేట గురించి పర్సనల్ మెసేజీలు పంపుతున్నవాళ్ళకి: 1972 వన్యప్రాణి చట్టం ఉంది, ఆ చర్చ ఇక్కడ జరగదు.

మల్కాజిగిరి మౌజర్ రాశారు:
అందరికీ థ్యాంక్స్. ఇంట్లో కూర్చుని చూశాను. స్కోప్ స్క్రూలు గట్టిగానే ఉన్నాయి. నోటు ముందు కొసలోనే దూరలేదు. పాత ఫిరంగి గారూ, విప్పి బ్యారెల్ కింద పల్చగా కాటుక రాసి తిరిగి కూర్చోబెట్టి తీశాను, కుడివైపు గోడ మీద కొస నుంచి జానెడు మేర నల్లటి చార, ఎడమవైపు ఏమీ లేదు. రీకాయిల్ లగ్ ఆనే చోట కట్టె మెరుస్తోంది, నూనె తాగి మెత్తబడినట్టుంది, గోరు గుచ్చితే గుర్తు పడుతోంది. వేలి పరీక్షలో కదలిక బాగానే తెలిసింది. ఏటీఎం కార్డు ముక్క పెట్టి కొడితే పైకెక్కడం తగ్గింది కానీ గ్రూప్ అడ్డంగా సాగింది. దీన్నిబట్టి ఏమనుకోవాలి?

పాత ఫిరంగి రాశారు:
కాటుక మంచి ఆలోచన. కుడి గోడ ఎడమకి తోస్తోంది, వానాకాలంలో ఎడమకి జరగడానికి కారణం దొరికింది. లగ్ వెనక కట్టె మెత్తబడింది, అంటే పేలిన ప్రతిసారీ యాక్షన్ వెనక్కి తన్ని ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతోంది, అడ్డంగా సాగడం అందుకే కావచ్చు. పాత తుపాకుల్లో ఇది మామూలే. తుపాకీని నిలబెట్టి దాస్తూ, తుడిచినప్పుడల్లా నూనె పోస్తూ పోతే ఆ నూనంతా రిసీవర్ కిందికే దిగుతుంది. ముందు బెడ్డింగ్, అంటే యాక్షన్ కింద రెసిన్ పోసి కుదురుగా కూర్చోబెట్టించడం. అది అయ్యాకే ఫ్లోట్ మాట.

మౌజర్ కదా, ఇంకోటి చూడు. మ్యాగజైన్ పెట్టె పైఅంచుకీ రిసీవర్ అడుగుకీ మధ్య సన్నని సందు ఉండాలి. కట్టె అరిగి కుంగితే ఆ రెండూ తగులుకుంటాయి. అప్పుడు నువ్వు స్క్రూ బిగిస్తున్నది ఇనుముకి ఇనుము, కట్టె మీద పట్టు ఉండదు. ఎంత మంచి రెసిన్ పోసినా ఆ సందు లేకపోతే పని వృథా.

నవాబీ కట్టె రాశారు:
ఆగండాగండి. బ్రిటిష్ స్పోర్టర్ అన్నాడు, ఎవరి పేరుందో అడిగారా ఎవరైనా? రిగ్బీ గానీ వెస్ట్లీ రిచర్డ్స్ గానీ అయితే అందులో రెసిన్ పోయడం పాపం. నిజాం కాలం నుంచి మన నగరంలో అలాంటివి ఇళ్ళల్లో ఉన్నాయి, ఒక్కో దాన్ని చేత్తో కుదిర్చారు. అసలు కట్టెకి రంధ్రం పడితే కొనేవాడు ఇచ్చే ధర సగానికి పడిపోతుంది.

మల్కాజిగిరి మౌజర్ రాశారు:
పెద్ద పేరేమీ లేదు సార్. మామూలు వర్క్‌షాప్ సరుకు, కట్టె కూడా ఎప్పుడో ఒకసారి మార్చినట్టుంది. అమ్మే ఉద్దేశం లేదు.

నవాబీ కట్టె రాశారు:
అయితే కానివ్వండి.

రాణిగంజ్ రమణ రాశారు:
రెసిన్ అమ్మేవాణ్ణి, తుపాకీ తెలీదు, మందు సంగతి చెప్తా. ఎం-సీల్ వద్దు. దయచేసి వద్దు. అయిదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ కూడా వద్దు, అది పోసి సర్దేలోపే బిగుసుకుంటుంది, దెబ్బకి తట్టుకునే బలమూ తక్కువే. స్టీలు పొడి గానీ అల్యూమినియం పొడి గానీ కలిసిన నెమ్మదిగా ఆరే ఎపాక్సీ తీసుకోండి, మిషన్ల బేరింగ్ సీట్లు బాగుచేసేవాళ్ళు వాడేది. పాళ్ళు కంటితో కాదు, డబ్బా మీద ఉన్నట్టు తూకం వేసి కలపాలి. హార్డెనర్ ఎక్కువేస్తే గట్టిగా వస్తుందని మన జనానికి ఒక నమ్మకం, నిజానికి అటో ఇటో అయితే జిగటగానే మిగులుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం కలిపితే గిన్నెలోనే ఉడికి గడ్డకడుతుంది, పొద్దున్నే చేయించండి. ఇంకోటి, నూనె తాగిన కట్టెకి ఏ ఎపాక్సీ అంటదు. మెత్తబడినంత మేర గీకేసి, అసిటోన్‌తో తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ తుడిచి, గుడ్డకి పసుపు మరక రావడం ఆగాకే పోయాలి.

డాలస్‌లో దిల్‌సుఖ్‌నగర్ రాశారు:
రమణ అన్న చెప్పింది బంగారం. మిస్త్రీ ఎవరైనా సరే పక్కన కూర్చుని ఇవి చూసుకో. రెసిన్‌కి తగిలే ప్రతి ఇనుము ముక్కకీ బూట్ పాలిష్ గానీ మైనం గానీ రెండుసార్లు పూయాలి, స్క్రూలకి కూడా, స్క్రూ మరలకే ముఖ్యంగా. ట్రిగ్గర్ పిన్నుల రంధ్రాలు, మ్యాగజైన్ సందు, ఎక్కడెక్కడ రెసిన్ దూరి పట్టేస్తుందో అక్కడంతా పిల్లలు ఆడుకునే క్లే కుక్కాలి. ఇది వదిలేస్తే రెసిన్ రంధ్రంలోకి కొక్కెంలా గట్టిపడుతుంది, ఆ తర్వాత కట్టె పగలగొట్టడం తప్ప మార్గం లేదు. అదృష్టం బాగుండి ఊరికే అంటుకుంటే ఫ్రీజర్‌లో పెడితే ఇనుము కుంచించుకుని వదులుతుంది.

రీకాయిల్ లగ్ ముందు వైపు, రెండు పక్కలా, అడుగున టేపు ఒక పొర వేయించు. వెనక ముఖం మాత్రమే రెసిన్‌కి ఆనాలి. నాలుగు పక్కలా బిగిస్తే విప్పి పెట్టిన ప్రతిసారీ అంచులు గీసుకుని పాడవుతుంది. బ్యారెల్ ముందు కొస దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టి, అది కట్టె కాలువలో సరిగ్గా మధ్యలో కూర్చునేలా చేయాలి. ఆరేటప్పుడు స్క్రూలతో బిగించొద్దు, స్క్రూలు దారి చూపించడానికే, పట్టు కోసం సైకిల్ ట్యూబు చుట్టండి. స్క్రూతో బిగిస్తే ఆ వంపు అలాగే రెసిన్‌లో అచ్చు పడిపోతుంది, మళ్ళీ మొదటికే వస్తావు. చాంబర్ కింద బ్యారెల్ మొదటి అంగుళం, అంగుళంన్నర కూడా బెడ్డింగ్‌లో కలిపితే సన్న బ్యారెల్‌కి మంచిదని నా అభిప్రాయం, అక్కర్లేదనేవాళ్ళూ ఉన్నారు.

315 వాలా రాశారు:
నాది ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్. ఇదంతా నేను కూడా చేయించుకోవచ్చా అన్నా?

పాత ఫిరంగి రాశారు:
నీది వేరే జాతి. అది లీ-ఎన్‌ఫీల్డ్ తరహా యాక్షన్, కట్టె రెండు ముక్కలు, వెనక బట్ ఒక బోల్ట్‌తో, ముందు కట్టె విడిగా. దాంట్లో దెబ్బని ఆపేది ముందు కట్టె వెనక కొసలో యాక్షన్‌కి ఆనే రెండు భుజాలు, అవి అరిగితే ముందు వాటికి గట్టి చెక్క అతికి కుదర్చాలి. పైగా బోల్ట్ లగ్గులు (పేలేటప్పుడు బోల్ట్‌ని పట్టి ఉంచే పళ్ళు) వెనక ఉంటాయి, యాక్షన్ కాస్త సాగే రకం, సన్న బ్యారెల్. మిలిటరీ నంబర్ 4 రైఫిళ్ళలో ముందు కొసన బ్యారెల్‌ని పైకి నెట్టే ఒత్తిడి కావాలనే పెట్టేవాళ్ళు. అదే యాక్షన్‌తో ఎల్42ఏ1 స్నైపర్ కట్టినప్పుడు మాత్రం బ్యారెల్ పూర్తిగా ఫ్లోట్ చేశారు, కానీ దానికి వేసింది లావుపాటి బరువు బ్యారెల్. కాబట్టి నీ .315ని చూసీ చూడగానే ఫ్లోట్ చేయకు. ముందు ఆ భుజాలు చూసుకో, బట్ బోల్ట్ వదులైందేమో చూసుకో. వివరంగా అడగాలంటే ఇంకో చర్చ పెట్టు, ఇక్కడ కలిపితే ఇద్దరికీ అయోమయం.

మల్కాజిగిరి మౌజర్ రాశారు:
అప్‌డేట్. లైసెన్సున్న షాపు మిస్త్రీ దగ్గర పక్కన కూర్చుని చేయించాను, పెద్దాయన, ఉర్దూలో తిడుతూనే ఓపిగ్గా చేశారు. మెత్తబడిన కట్టె చిటికెనవేలి మందం తీయాల్సి వచ్చింది. రెండు స్క్రూల దగ్గరా అల్యూమినియం గొట్టాలు దించారు, బాలానగర్‌లో లేత్ మీద చేయించినవి, ఇక స్క్రూ ఎంత బిగించినా కట్టె నలగదు. పోసిన మర్నాడు విప్పితే లగ్ వెనక రెసిన్ అద్దంలా ఉంది, ఒకచోట మాత్రం బుడగ పడి గింజంత గుంట, అది ఫరవాలేదన్నారు. వేలి పరీక్షలో ఇప్పుడు కదలిక లేదు.

తర్వాత బ్యారెల్ కాలువని పైపుకి చుట్టిన గరుకు కాగితంతో నోటు ఆడేంత వరకే తీయించాను. కొడితే పైకెక్కడం దాదాపు పోయింది, అడ్డంగా సాగడం పోయింది. కానీ అయిదు రౌండ్లూ చల్లగా కొట్టినా గ్రూప్ నేను ఆశించినంత చిన్నది కాలేదు, గుండ్రంగా, కొంచెం పెద్దదిగా ఉంది. సరదాకి ముందు కొసన విజిటింగ్ కార్డు రెండు మడతలు పెట్టి కొడితే బాగా దగ్గరైంది! తీస్తే మళ్ళీ పెద్దది. మార్చి మార్చి చూశాను, అదే వరస. మరి ఇంత తంటా పడి ఫ్లోట్ చేసి మళ్ళీ ఒత్తిడి పెట్టడమేంటి?

డాలస్‌లో దిల్‌సుఖ్‌నగర్ రాశారు:
నోటు ఆడేంత అంటే తక్కువ తమ్ముడూ. సంచి మీద ఒత్తితే ముందు కట్టె వంగి తగలొచ్చు, పేలేటప్పుడు బ్యారెల్ ఊగి తగలొచ్చు. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. అది చేసి, తూటా రకం మార్చి చూసి, అప్పుడు కార్డు గురించి ఆలోచించు. నేనైతే ఒత్తిడి పెట్టను.

పాత ఫిరంగి రాశారు:
డాలస్ బాబు చెప్పిన సందు సంగతి కరెక్టే, అది తీయించు. తూటాలు మార్చడం అక్కడ తేలిక, షాపుకెళితే ఇరవై రకాలు, మనకి లైసెన్సు మీద రాసిన లెక్క, దొరికిన లాటు. ఇక ఒత్తిడి ఎందుకంటావా, ఇంతకు ముందున్నది ఒక పక్క నుంచి, వాతావరణాన్ని బట్టి మారే ఒత్తిడి. ఇప్పుడు పెట్టేది కింద నుంచి, మధ్యలో, నువ్వు లెక్క చూసి పెట్టేది. రెండూ ఒకటి కాదు. సన్న బ్యారెళ్ళలో కొన్ని ఇలాగే కోరుకుంటాయి, ఫ్లోటే గొప్ప అని ఎక్కడా రాసిపెట్టి లేదు. సందు పెంచాక కూడా కార్డుతోనే బాగుంటే దాన్ని శాశ్వతం చేయించు. బ్యారెల్ పైన, కట్టె కింద ఉండేలా రైఫిల్‌ని అడ్డంగా పెట్టి, బ్యారెల్‌ని మెత్తటి పట్టులో బిగించి, ముందు స్వివెల్‌కి (పట్టీ తగిలించే కొక్కేనికి) మూడు కిలోల బరువు వేలాడదీస్తారు. కట్టె కొస కిందికి దిగుతుంది. ఆ సందులో రెసిన్ చిన్న దిమ్మలా పోసి, ఆరాక బరువు తీస్తే కట్టె పైకి లేచి బ్యారెల్‌ని మూడు కిలోల లెక్కన నెడుతుంది. మిస్త్రీకి చెప్తే ఆయనకి తెలిసే ఉంటుంది. దిమ్మ నచ్చకపోతే గీకేయొచ్చు, కాబట్టి టెన్షన్ పడకు.

రాణిగంజ్ రమణ రాశారు:
కాలువ గీకిన చోట పచ్చి కట్టె అలాగే వదిలేశారా? లోపలంతా పాలీయూరిథేన్ రెండు మూడు పూతలు వేయించండి, బట్ ప్లేటు తీసి దాని కింద కూడా. అవిసె నూనె చూడ్డానికి బాగుంటుంది గానీ తేమని ఆపదు.

మల్కాజిగిరి మౌజర్ రాశారు:
అది ఆలోచించలేదు, ఈ వారమే వేయిస్తా. స్క్రూలు ఎంత బిగించాలి? టార్క్ రెంచ్ కొన్నాను.

50 మీటర్ల ప్రోన్ రాశారు:
గొట్టాలు వేయించారు కాబట్టి 5 న్యూటన్ మీటర్లతో మొదలుపెట్టి 6 దాకా చూడండి, ఉత్త కట్టె అయితే 4 దాటించేవాళ్ళం కాదు. రైఫిల్ నిలువుగా పెట్టి, బట్ నేల మీద మెల్లగా తట్టి లగ్ వెనక్కి ఆనేలా చేసి, ముందు స్క్రూ, తర్వాత వెనక స్క్రూ. ప్రతిసారీ అదే వరస, అదే అంకె.

మల్కాజిగిరి మౌజర్ రాశారు:
సరే అక్కా. సందు పెంచి, పూత వేయించాక ముందు కార్డు లేకుండానే కొడతాను. టార్గెట్ల ఫోటోలు పెడతా.